హాలీవుడ్ అటక మీది బాణీలు

లాస్ ఏంజెలెస్‌లో మెల్‌రోజ్ అవెన్యూ, గోవర్ స్ట్రీట్ కలిసే మూల దగ్గర ఆగి తల పైకెత్తితే, ఒక స్టూడియో కట్టడం అంచున పెద్ద భూగోళం కనిపిస్తుంది. దాని మీద ఒకప్పుడు రేడియో టవరు బొమ్మ ఉండేది. ఆర్‌కేఓ సంస్థ గుర్తు అది. టవరు ఎప్పుడో పోయింది. 1957లో స్టూడియో చేతులు మారింది. 1967లో పక్కనున్న పారమౌంట్‌లో కలిసిపోయింది. గోళం మాత్రం రంగు మార్చుకుని అక్కడే ఉంది. దారిన పోయేవాళ్లలో చాలామంది దాన్ని చూడకుండానే వెళ్లిపోతారు. కానీ హాలీవుడ్ పాత సినిమాల్లో ఒకే సంగీతం ఎన్నెన్ని వేషాలు కట్టిందో తెలుసుకోవాలంటే ఈ మూల నుంచే బయల్దేరాలి.

1933లో ఆర్‌కేఓ ‘కింగ్ కాంగ్’ తీసింది. తెర మీద ఎంపైర్ స్టేట్ భవనం ఎక్కిన ఆ గొరిల్లా నిజానికి 18 అంగుళాల బొమ్మ. సినిమా పూర్తయ్యేసరికి ఖర్చు తడిసి మోపెడైంది. పైగా బొమ్మను చూసి జనం నవ్వుతారేమోనన్న భయం యజమానులకు పట్టుకుంది. కొత్తగా సంగీతం చేయించడానికి డబ్బుల్లేవు, పాత సినిమాల ట్రాకులే ఎక్కడికక్కడ అతికించమని సంగీత దర్శకుడు మాక్స్ స్టైనర్‌కు చెప్పారు. నిర్మాత మెరియన్ కూపర్ ఒప్పుకోలేదు. ఆ ఖర్చేదో తానే పెట్టుకుంటానని, కొత్త సంగీతమే రాయమని స్టైనర్‌ను వెన్నుతట్టారు. 46 మంది వాద్యకారులతో రికార్డింగ్ జరిగింది. సంగీతానికైన ఖర్చు 50 వేల డాలర్లని చెబుతారు. కాంగ్ కోసం స్టైనర్ రాసింది మూడంటే మూడు స్వరాలు, ఒకదాని కింద ఒకటి దిగివచ్చే బరువైన స్వరాలు. కాంగ్ గర్జించినా, నీరసించి కూలిపోయినా వెనక ఆ మూడే రూపు మార్చుకుంటూ వినిపిస్తాయి. బొమ్మను చూసి నవ్వాల్సిన జనం దాని చావుకు కళ్లు తుడుచుకున్నారంటే సగం పుణ్యం ఆ స్వరాలదే.

పాత సంగీతంతో సరిపెట్టేయమన్న సినిమాకు కొత్త సంగీతం వచ్చింది సరే, ఆ తర్వాత అదే ‘పాత సంగీతం’ అయింది. అగ్నిపర్వతం బద్దలయ్యే ‘ద లాస్ట్ డేస్ ఆఫ్ పాంపే’ (1935)లో, అమెరికా అడవుల్లో తెగల పోరు చూపించే ‘ద లాస్ట్ ఆఫ్ ద మోహికన్స్’ (1936)లో, ఫిలిప్పీన్స్ యుద్ధం మీద తీసిన ‘బ్యాక్ టు బటాన్’ (1945)లో కాంగ్ సంగీతపు ముక్కలు వినిపిస్తాయి. గొరిల్లా కోసం పుట్టిన హోరు పన్నెండేళ్ల తర్వాత కూడా సైనికుల వెంట నడిచింది.

ఇక్కడ ఇంకో ముచ్చట చెప్పుకోవాలి. కాంగ్ దీవిలోని మహాద్వారం కూడా కొత్తది కాదు. 1927లో ‘ద కింగ్ ఆఫ్ కింగ్స్’ కోసం వేసిన సెట్టును మార్చి వాడుకున్నారు. 1938 డిసెంబరులో ‘గాన్ విత్ ద విండ్’ కోసం అట్లాంటా నగర దహనం తీసినప్పుడు మంటల్లో కూలింది ఈ ద్వారమే. ఆ సినిమాకు సంగీతం రాసిందీ స్టైనరే. ద్వారం బూడిదైంది, బాణీ బతికింది.

పుస్తకం అంచున మూడ్‌ల పట్టిక

ఒకే సంగీతాన్ని మళ్లీ మళ్లీ వాడే ఈ అలవాటు టాకీలతో మొదలైంది కాదు. మూకీల కాలంలో ప్రతి థియేటర్లో పియానో వాయించేవాళ్లో, చిన్న వాద్యబృందమో ఉండేది. ఈ వారం ప్రేమకథ, వచ్చే వారం గుర్రాల పరుగు. ప్రతి సినిమాకూ కొత్త సంగీతం ఎవరు రాసిస్తారు? అందుకే సన్నివేశాన్ని బట్టి వాయించుకునే బాణీల సంపుటాలు పుట్టాయి. బెర్లిన్‌లో జూసెప్పె బెచ్చే 1919 నుంచి ‘కినోథెక్’ పేరుతో వరసగా వెలువరించారు. అమెరికాలో ఎర్నో రాపీ 1924లో ‘మోషన్ పిక్చర్ మూడ్స్’ అచ్చువేశారు. అందులో 52 రకాల సందర్భాలకు సంగీతం ఉంటుంది. అసలు విశేషం దాని పేజీల అంచున ఉంది. విమానం, యుద్ధం, వెంటాడటం, అగ్నిప్రమాదం, రైలు, సముద్రపు తుపాను అంటూ పట్టిక, పక్కన పేజీ నంబర్లు. ఈ పట్టికను ప్రతి పేజీలోనూ అచ్చువేశారు. తెర మీద నాయిక కన్నీళ్లు తుడుచుకుంటుండగానే ఇల్లు అంటుకుందనుకోండి, వాద్యకారుడు ఒక చేత్తో వాయిస్తూ రెండో చేత్తో పేజీ తిప్పేయవచ్చు.

టాకీలు వచ్చాక ఆ పుస్తకం స్థానంలో స్టూడియో మ్యూజిక్ లైబ్రరీ వచ్చింది. సంగీత దర్శకులు, ఆర్కెస్ట్రేటర్లు, వాద్యకారులు, నొటేషన్ రాసేవాళ్లు అందరూ నెల జీతగాళ్లే. జీతానికి రాసింది స్టూడియో సొత్తని ఒప్పందంలోనే ఉండేది. సినిమా విడుదలయ్యాక అన్ని వాద్యాల స్వరాలూ కలిపి రాసిన స్కోరు, ఒక్కో వాద్యానికి విడిగా రాసిన కాగితాలు, రికార్డు చేసిన ట్రాకు అన్నీ అటకెక్కేవి. తర్వాత ఏ చిన్న సినిమాకో సీరియల్‌కో సంగీతం కావాలంటే, ఇంటావిడ పండగకు పాత ఇత్తడి సామాను దింపినట్టు, వాటినే దింపి తుడిచి వాడుకునేవారు. సంగీత దర్శకుడికి దొరికే గడువు చాలాసార్లు మూడు నాలుగు వారాలు. చిన్న సినిమాకు అదీ ఉండేది కాదు.

దయ్యాల కొంపలో డోలు చప్పుడు

గోవర్ స్ట్రీట్ నుంచి ఉత్తరంగా కహుఎంగా కనుమ దాటితే యూనివర్సల్ సిటీ. కోళ్ల ఫారం ఉన్న 230 ఎకరాల నేల కొని కార్ల్ లామ్లీ 1915 మార్చి 15న ఈ స్టూడియో నగరాన్ని ప్రారంభించారు. 25 సెంట్లిస్తే ఎవరైనా లోపలికి వచ్చి షూటింగ్ చూడవచ్చు. మూకీలు కాబట్టి జనం చప్పట్లు కొట్టినా ఈలలేసినా ఇబ్బంది లేదు. టాకీలు రాగానే జనానికి తలుపులు మూశారు. మళ్లీ తెరిచింది 1964లో.

భయానక చిత్రాలకు యూనివర్సల్ పుట్టిల్లు. చిత్రమేమిటంటే, 1931 నాటి ‘డ్రాక్యులా’లో నేపథ్య సంగీతం దాదాపు లేదు. టైటిల్స్ మీద చైకోవ్‌స్కీ ‘స్వాన్ లేక్’ నుంచి కాస్త వాయించి ఊరుకున్నారు. మరుసటి ఏడాది వచ్చిన ‘ద మమ్మీ’ టైటిల్స్ మీదా అదే ముక్క. హంసల నృత్యం కోసం రాసిన బాణీ అలా రెండు సినిమాలతో దయ్యాల రాకకు గుర్తయింది.

అసలు సంగీతం 1935లో ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’తో వచ్చింది. రాసినవారు ఫ్రాంజ్ వాక్స్‌మన్. అంతకుముందు ఏడాదే బెర్లిన్ వీధిలో నాజీ మూక ఆయన్ను చావగొడితే దేశం విడిచి వచ్చేశారు. 22 మంది వాద్యకారులు, తొమ్మిది గంటల ఒకే ఒక్క సెషన్, అంతే, రికార్డింగ్ పూర్తయింది. ప్రయోగశాలలో శవానికి ప్రాణం పోసే ఘట్టాన్ని చూడండి. యంత్రాలు మెరుస్తాయి, పిడుగులు పడతాయి, వయొలిన్లు పైకి పాకుతాయి. అన్నిటి అడుగున టింపనీ డోలు మీద ఒకటే దెబ్బ, గుండె కొట్టుకున్నట్టు ఆగకుండా పడుతూనే ఉంటుంది. ఇంత సంగీతాన్ని ఒక్క సినిమాకే వాడి ఊరుకుంటారా? ‘ఫ్లాష్ గార్డన్స్ ట్రిప్ టు మార్స్’ (1938), ‘బక్ రోజర్స్’ (1939) సీరియళ్లలోకి దాన్ని దించేశారు. శ్మశానం పక్కన పుట్టిన స్వరాలు ఎకాయెకి రాకెట్టెక్కాయి. టికెట్ కొని వారం వారం ఆ సీరియళ్లు చూసిన పిల్లలకు అంతరిక్షమంటే ఆ చప్పుడే.

1939లో ‘సన్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ వంతు వచ్చింది. ఫ్రాంక్ స్కిన్నర్ బాణీ కడుతుంటే, వియన్నా నుంచి వచ్చిన హన్స్ సాల్టర్ దాన్ని వాద్యబృందానికి విడదీసి రాసేవారు. గడువు ముంచుకొస్తోంది. ఒకరు కునుకు తీస్తుంటే మరొకరు రాయడం, ఆయన లేచాక ఈయన నడుం వాల్చడం, అలా రాత్రీ పగలూ స్టూడియోలోనే గడిపామని సాల్టర్ తర్వాతి రోజుల్లో చెప్పుకున్నారు. ఆ శ్రమ వృథా పోలేదు. మరుసటి ఏడాది వచ్చిన ‘ద మమ్మీస్ హ్యాండ్’కు చాలావరకు ఆ సంగీతమే సరిపోయింది. యూరప్ కోటలో వినిపించిన విషాదం ఈజిప్టు సమాధిలోనూ అతికినట్టు అమరింది. 1941లో చార్లెస్ ప్రెవిన్‌తో కలిసి ఈ ఇద్దరూ ‘ద వుల్ఫ్ మ్యాన్’కు రాసిన ముక్కలూ తర్వాతి మమ్మీ చిత్రాల బాట పట్టాయి.

మళ్లీ వాయించాల్సిందే!

ఇదంతా వాద్యకారుల పొట్ట కొట్టే పని కాదా? వాళ్ల యూనియన్‌కూ అదే అనిపించింది. ఒకసారి వాయించి రికార్డు చేసిన ట్రాకును పది సినిమాలకు అతికిస్తే తొమ్మిది సినిమాల కూలి పోయినట్టే. అందుకే ఒక చిత్రానికి రికార్డు చేసిన శబ్దాన్ని మరో చిత్రంలో వాడకూడదని 1940ల ఒప్పందాల్లో యూనియన్ కట్టడి తెచ్చింది. ప్రతి పెద్ద స్టూడియో కనీసం ఇంతమంది వాద్యకారులను ఏడాది పొడవునా జీతానికి పెట్టుకోవాలన్న షరతూ వచ్చింది. స్టూడియోలు దీనికీ దారి కనిపెట్టాయి. నిషేధం శబ్దం మీదే కానీ కాగితం మీద కాదు కదా. పాత స్కోరును అటక మీంచి దింపి, అవసరమైన చోట కత్తిరించి, జీతానికున్న ఆస్థాన విద్వాంసుల చేతే మళ్లీ వాయించారు. అలా బాణీ పాతదే, వాయింపు మాత్రం కొత్తది.

యూనివర్సల్ 1950ల్లో ఈ పద్ధతిని కళగానే మార్చేసింది. ‘క్రీచర్ ఫ్రమ్ ద బ్లాక్ లగూన్’ (1954) టైటిల్స్‌లో సంగీత విభాగం పర్యవేక్షకుడు జోసెఫ్ గెర్షెన్సన్ పేరొక్కటే పడుతుంది. నిజానికి రాసినవారు ముగ్గురు. సాల్టర్, హెర్మన్ స్టైన్, హెన్రీ మాన్సినీ. ఆ సినిమాలోని వింత జలచరం చెయ్యి నీటి పైకి తేలగానే మూడు స్వరాలు ఇత్తడి బూరల మీద విరుచుకుపడతాయే, అవి స్టైన్‌వి. దర్శనమిచ్చిన ప్రతిసారీ అవే. రెండో భాగం, మూడో భాగం వచ్చినా ఆ మూడు స్వరాలు జలచరాన్ని వదల్లేదు.

ఆ ముగ్గురిలో కుర్రవాడైన మాన్సినీ యూనివర్సల్‌లో చేరింది 1952లో. పాత ముక్కలు వెతకడం, అతికించడం, మధ్యలో ఖాళీ వస్తే కొత్తది రాయడం, ఆరేళ్ల పాటు ఇదే పని. 1958లో వాద్యకారుల సమ్మె తర్వాత జీతం మీద నడిచే స్టూడియో ఆర్కెస్ట్రాల కాలం ముగిసింది. మాన్సినీ ఉద్యోగమూ అప్పుడే పోయింది. పాసు ఇంకా చెల్లుతోంది కదా అని స్టూడియో లోపలి మంగలి షాపుకు వెళ్లి క్రాఫ్ చేయించుకుని బయటికి వస్తుంటే దర్శకుడు బ్లేక్ ఎడ్వర్డ్స్ ఎదురుపడ్డారు. ఆ మాటామంతీలో ‘పీటర్ గన్’ టీవీ సీరియల్ చేతికొచ్చింది. ఆ స్నేహమే తర్వాత ‘పింక్ పాంథర్’ దాకా వెళ్లింది. అటక మీది కాగితాలు ఆయనకు ఆరేళ్ల బడి.

బాకీ ఉంచని వార్నర్

యూనివర్సల్‌కు ఇరుగుపొరుగే బర్‌బాంక్‌లోని వార్నర్ బ్రదర్స్. 1935లో ‘కెప్టెన్ బ్లడ్’కు ఎరిక్ కోర్న్‌గోల్డ్‌కు మూడు వారాలే గడువిచ్చారు. కత్తియుద్ధం దగ్గరికొచ్చేసరికి సమయం చాలక లిస్ట్ అనే 19వ శతాబ్దపు స్వరకర్త కృతిలోంచి కొంత వాడారు. ఆయన పట్టుదల చూడండి. పరాయి సొత్తు కలిసింది కాబట్టి తన పేరు ముందు ‘సంగీతం’ అని వేయొద్దని, ‘సంగీత కూర్పు’ అని మాత్రమే వేయమని పట్టుబట్టారు. తన బాణీల విషయంలోనూ అంతే పట్టింపు. వాటిని మళ్లీ వాడుకునే హక్కు తన దగ్గరే ఉంచుకున్నారు. ‘అనదర్ డాన్’, ‘వారెజ్’, ‘ఆంథొనీ అడ్వర్స్’, ‘ద ప్రిన్స్ అండ్ ద పాపర్’ చిత్రాల బాణీలతో వయొలిన్ కచేరీ కృతి రాశారు. 1947లో సెయింట్ లూయిస్‌లో వయొలిన్ విద్వాంసుడు హైఫెట్జ్ దాన్ని తొలిసారి వాయించారు. ఆ సినిమాలు చూసేవాళ్లు తగ్గిపోయినా కృతి మాత్రం ఇప్పటికీ కచేరీ వేదికల మీద మోగుతోంది.

కాంగ్‌కు సంగీతం కట్టిన స్టైనర్ 1936లో వార్నర్‌కు వచ్చారు. మరుసటి ఏడాది ‘టొవారిచ్’ చిత్రం కోసం రాసిన భేరి స్వరాలు ఆ సంస్థ ముద్రతో పాటు వినిపించే సంగీతంగా స్థిరపడ్డాయి. ‘కాసాబ్లాంకా’ (1942) టైటిల్స్ మొదట్లో వినిపించే ఎడారి పోకడ సంగీతం కూడా ఆ సినిమా కోసం పుట్టింది కాదు. 1934లో ఆర్‌కేఓలో చేసిన ‘ద లాస్ట్ పట్రోల్’ నుంచి స్టైనర్ తెచ్చుకున్నది.

వార్నర్ కార్టూన్లది ఇంకో రకం వింత. కార్ల్ స్టాలింగ్ 1936 నుంచి 1958 దాకా బగ్స్ బన్నీ, డాఫీ డక్‌ల అల్లరికి సంగీతం కూర్చారు. సంస్థ చేతిలో పాటల ప్రచురణ హక్కులు బోలెడున్నాయి. యంత్రాలు గిరగిరా తిరిగే ఫ్యాక్టరీ సీను వస్తే చాలు, ఆయన రేమండ్ స్కాట్ 1937 నాటి ‘పవర్‌హౌస్’ను వాడేవారు. స్కాట్ ఏ కార్టూన్ కోసమూ ఆ బాణీ కట్టలేదు. 1943లో హక్కులు వార్నర్ చేతికి రావడంతో దాని జాతకం మారిపోయింది.

న్యూయార్క్ అంటే ఒకటే ట్యూను

పడమటి వైపు పికో బూలెవార్డ్ మీద ఫాక్స్ స్టూడియో ఉంది. ఇక్కడి రికార్డింగ్ హాలుకు ఆల్ఫ్రెడ్ న్యూమన్ పేరు పెట్టారు. తొమ్మిది ఆస్కార్లు గెలిచిన సంగీత దర్శకుడు ఆయన. 1931లో సామ్యూల్ గోల్డ్‌విన్ నిర్మించిన ‘స్ట్రీట్ సీన్’ కోసం న్యూయార్క్ వీధిని తలపించే జాజ్ ఛాయల బాణీ కట్టారు. తర్వాత ఫాక్స్‌లో సంగీత విభాగాధిపతి అయ్యాక దాన్నీ వెంట తెచ్చుకున్నారు. ‘ఐ వేకప్ స్క్రీమింగ్’ (1941), ‘ద డార్క్ కార్నర్’ (1946), ‘కిస్ ఆఫ్ డెత్’ (1947), ‘క్రై ఆఫ్ ద సిటీ’ (1948), ‘వేర్ ద సైడ్‌వాక్ ఎండ్స్’ (1950)... రాత్రి, నగరం, నేరం కలిసిన చోటల్లా అదే బాణీ. చివరికి 1953లో ‘హౌ టు మ్యారీ ఎ మిలియనేర్’ మొదలయ్యేదే దానితో. కథ కంటే ముందు తెర నిండా వాద్యబృందం, మధ్యలో బెత్తం పట్టుకుని న్యూమన్. మార్లిన్ మన్రో కోసం వచ్చిన జనం ముందు ఇరవై రెండేళ్ల నాటి బాణీ వినాల్సి వచ్చింది.

న్యూమన్ 1933లో కట్టిన మరో చిన్న ముక్క తెలుగువాళ్లకూ బాగా తెలుసు. సికింద్రాబాద్ సంగీత్ థియేటర్లో ఇంగ్లీషు సినిమాలు చూసిన తరం దాన్ని మర్చిపోలేదు. డోళ్లు దడదడలాడగానే బూరలు మోగి ఫాక్స్ బంగారు అక్షరాల మీద దీపాలు తిరుగుతాయి కదా, అదే. 1950ల్లో సినిమాస్కోప్ కోసం దాన్ని పొడిగించారు. 1977లో ‘స్టార్ వార్స్’కు జార్జ్ లూకాస్ ఆ పాత రికార్డింగునే తెప్పించి పెట్టారు. జాన్ విలియమ్స్ తన టైటిల్ సంగీతాన్ని సరిగ్గా అదే శ్రుతిలో మొదలుపెట్టారు. రెండింటి మధ్య అతుకు కనిపించదు.

చెత్తకుప్పలో కలిసిన సంగీతం

కల్వర్ సిటీలో ఇప్పుడు సోనీ ఉన్న చోటే ఒకప్పటి ఎంజీఎం. పాత పాటల్ని మళ్లీ వాడుకోవడంలో అందరికంటే గొప్ప విజయం ఈ సంస్థదే. నిర్మాత ఆర్థర్ ఫ్రీడ్ పూర్వం గీత రచయిత. నాసియో హెర్బ్ బ్రౌన్‌తో కలిసి తాను రాసిన పాత పాటలన్నీ ఇచ్చి, వాటి చుట్టూ కథ అల్లమని ఇద్దరు రచయితలకు పురమాయించారు. అలా పుట్టింది ‘సింగిన్ ఇన్ ద రెయిన్’ (1952). గొడుగు మూసేసి జీన్ కెల్లీ వానలో చిందులేసిన ఆ పాట 1929లోనే ‘ద హాలీవుడ్ రెవ్యూ’లో వచ్చింది. ఈ రోజు దాన్ని పాత పాటని ఎవరంటారు?

ఆ ఎంజీఎంలోనే అన్నిటికంటే ఘోరం జరిగింది. యాజమాన్యం మారాక 1970ల ముంగిట స్థలం ఖాళీ చేయాలని సంగీత విభాగంలోని పూర్తి స్కోర్లు, వాద్యకారుల కాగితాలు తీసుకెళ్లి చెత్త పూడ్చే చోట పారబోశారు. దశాబ్దాల సంగీతం మట్టిలో కలిసింది. మిగిలినవి చాలావరకు వాద్యబృంద నిర్వాహకుడి కోసం కుదించి రాసిన పియానో కాగితాలే. బ్రిటన్‌కు చెందిన వాద్యబృంద నిర్వాహకుడు జాన్ విల్సన్ వాటిని ముందు పెట్టుకుని, సినిమా ట్రాకుల్ని మళ్లీ మళ్లీ విని, ఒక్కో వాద్యం ఏం పలికిందో చెవితోనే పట్టి తిరిగి రాశారు. 2009లో లండన్ ప్రామ్స్ ఉత్సవంలో తన ఆర్కెస్ట్రాతో వాయించి చూపించారు. యూనివర్సల్ దయ్యాల సంగీతానిదీ ఇలాంటి పునర్జన్మే. జాన్ మోర్గాన్ పునర్నిర్మించిన స్కోర్లను 1990ల్లో విలియం స్ట్రాంబర్గ్ మాస్కో సింఫనీ ఆర్కెస్ట్రాతో రికార్డు చేశారు. హాలీవుడ్‌లో రాత్రీ పగలూ కూర్చుని రాసింది రష్యాలో మళ్లీ మోగింది.

చూడాలంటే...

యూనివర్సల్, వార్నర్, పారమౌంట్ స్టూడియోల్లో టికెట్ మీద టూర్లు ఉన్నాయి. సోనీ కూడా నడిచి చూసే టూర్లు నడుపుతోంది. రోజులు, వేళలు ముందుగా చూసుకుని వెళ్లడం మంచిది. యూనివర్సల్ సిటీకి మెట్రో బి లైన్‌లో వెళ్లవచ్చు. ఫాక్స్ ప్రాంగణంలోకి మామూలు సందర్శకులను రానివ్వరు. ఆర్‌కేఓ గోళం చూడటానికి టికెట్ అక్కర్లేదు, రోడ్డు మీద నిలబడితే చాలు. ఇంకా లోతుకు వెళ్లాలనుకునేవాళ్లకు బెవర్లీ హిల్స్‌లో ఆస్కార్ అకాడమీ వారి మార్గరెట్ హెరిక్ లైబ్రరీ ఉంది. ఒకప్పుడు ఊరికి నీళ్లిచ్చిన భవనం అది. ఫొటో గుర్తింపు కార్డు చూపిస్తే ఉచితంగా కూర్చుని చదువుకోవచ్చు, ఇంటికి మాత్రం ఇవ్వరు. వార్నర్ పత్రాలు సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, స్టైనర్ కాగితాలు యూటా రాష్ట్రం ప్రోవోలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. ఇలాంటి చోట్ల దొరికే క్యూ షీట్లే పరిశోధకులకు పెన్నిధి. ఏ సినిమాలో ఏ ముక్క ఎంతసేపు వాడారో, దాన్ని రాసిందెవరో వాటిలో ఉంటుంది. టైటిల్స్‌లో పేరు దక్కని స్టైన్, మాన్సినీ లాంటివాళ్లకు న్యాయం జరిగింది వీటి వల్లే.

అంత దూరం వెళ్లలేకపోయినా ఫర్వాలేదు. ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’, ఆ తర్వాత బక్ రోజర్స్ సీరియల్‌లో ఒక భాగం వరసగా చూడండి. రెండోదానికి కళ్లు మూసుకోండి. పొదుపు కోసం చేసిన పనే కావచ్చు, కానీ ఆ బాణీలు ఇంకా మన చెవిన పడుతున్నాయంటే వాటిని పదే పదే దింపి వాడుకోవడమే కారణం. వాడుకున్నవాళ్ల తప్పేమీ లేదు, తప్పంతా పారేసినవాళ్లదే.